సూట్‌కేసులో వచ్చే చుక్కల మందు

గత అక్టోబరులో ఒక ఆదివారం హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి పార్కింగ్‌లో ఒక స్నేహితుడికి చిన్న సీసా ఇచ్చాను. వాళ్ల అమ్మాయి పొద్దుటి నుంచీ కళ్లు నలుపుకుంటూనే ఉంది. "అన్నా, ఇది రెండు రోజులు వేయండి, ఇట్టే తగ్గిపోతుంది. మా వాడికి ఇదే వాడుతున్నాం" అని చెప్పి, ప్రసాదం పొట్లం ఇచ్చినంత ధీమాగా ఆయన చేతిలో పెట్టాను. మూడు నెలల తర్వాత అదే మనిషికి ఫోన్ చేసి, "అన్నా, ఆ సీసా పడేయండి. పాపకు వెంటనే కంటి పరీక్ష చేయించండి" అని చెప్పాల్సి వచ్చింది. ఈ రెండు మాటల మధ్య ఏం జరిగిందో రాయడం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ మనలో చాలామంది ఇళ్లలో ఫ్రిజ్ తలుపులో అలాంటి సీసా ఒకటి ఉంటుందని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సిడ్నీలో ఉండే తెలుగువాళ్లకు హెలెన్స్‌బర్గ్ గురించి చెప్పనక్కర్లేదు. మిగతా దేశాల వారి కోసం రెండు మాటలు. నగరానికి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, యూకలిప్టస్ అడవుల మధ్య ఉన్న చిన్న ఊరు అది. ఒకప్పుడు బొగ్గు గని ఊరు. అక్కడి గుట్టమీద వేంకటేశ్వరుడి గుడికి 1985లో కుంభాభిషేకం జరిగింది. అప్పటి నుంచీ మన పిల్లల అన్నప్రాసనలు, అక్షరాభ్యాసాలు, కొత్త కారు పూజలు అక్కడే. దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో దోసె తినకుండా ఎవరూ వెనక్కి రారు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒకరినొకరు పలకరించుకునేదీ, ఎవరి సూట్‌కేసులో ఏం వచ్చిందో పంచుకునేదీ అక్కడే.

ఇంకో సంగతి. మన దసరా, దీపావళి అక్కడ శరదృతువులో వస్తే ఇక్కడ వసంతంలో వస్తాయి. సరిగ్గా గడ్డి పూతకొచ్చే కాలం. సెప్టెంబరు చివర మొదలై డిసెంబరు దాకా గాలి నిండా పుప్పొడి. ముఖ్యంగా రై గడ్డి పుప్పొడి. పట్టు పరికిణీ కట్టుకుని నవరాత్రి పూజకు వచ్చిన పిల్లల్లో సగంమంది ముక్కు తుడుచుకుంటూ, కళ్లు నలుపుకుంటూ కనిపిస్తారు. పెద్దలేమో "హోమం పొగమ్మా" అని సర్దిచెబుతారు.

మా ఇంట్లో జరిగింది

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా వసంతం వచ్చిందంటే కళ్లు ఎర్రబడటం, దురద, పొద్దున లేచేసరికి తీగలా సాగే పుసి. మొదటి ఏడాది ఫార్మసీలో అలర్జీ చుక్కలు తీసుకున్నాం. కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నాకు ఓపిక తక్కువ. చిన్నప్పుడు మా ఊళ్లో మెడికల్ షాపులో తెచ్చి వేసే చుక్కలు గుర్తొచ్చాయి. ఒక్క పూటలో ఎరుపు విరిగిపోయేది. గత ఆగస్టులో అమ్మ ఇక్కడికి బయల్దేరుతుంటే ఫోన్‌లో నేనే చెప్పాను: "అమ్మా, కళ్లలో వేసే ఆ చుక్కల మందు నాలుగు సీసాలు తీసుకురా." ఆవిడ ఆవకాయ జాడీ పక్కన, చీరల మధ్య చుట్టి భద్రంగా తెచ్చింది. అంచేత ఈ కథలో తప్పు అమ్మది కాదు. అడిగినవాణ్ణి నేను. లేబుల్ చదవనివాణ్ణీ నేనే. రోజుకు ఎనిమిది గంటలు తెలియని కోడ్‌ను వరుస వరుసా చదివి తప్పులు పట్టే ఉద్యోగం నాది. కొడుకు కంట్లో వేసే సీసా మీద ఉన్న రెండు వరుసలు చదవలేదు.

మందు అద్భుతంగా పనిచేసింది. రెండో రోజుకే కళ్లు తెల్లబడ్డాయి. ఆపితే నాలుగు రోజుల్లో మళ్లీ దురద. మళ్లీ వేశాం. అలా సెప్టెంబరు నుంచి క్రిస్మస్ సెలవుల దాకా నడిచింది. జనవరిలో స్కూలు తెరిచే ముందు, ఒకసారి చూపు పరీక్ష చేయిద్దామని ఆప్టోమెట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. చూపు బాగానే ఉంది. కానీ ఆవిడ కంటి లోపలి ఒత్తిడి కొలిచి, మళ్లీ కొలిచి, "బాబుకు ఏమైనా చుక్కలు వేస్తున్నారా?" అని అడిగింది. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉండాల్సిన అంకె మా వాడికి 31 ఉంది. సీసా ఫొటో చూపించాను. అందులో ఒక యాంటీబయాటిక్, దాంతోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి పంపింది.

స్టెరాయిడ్ ఆపేశారు. ఒత్తిడి తగ్గించే చుక్కలు కొన్ని వారాలు వేశారు. రెండు నెలలకు అంకె 16కు వచ్చింది. కంటి నరం దెబ్బతినలేదు. డాక్టరు అన్నమాట ఒకటే: "ఇంకో వసంతం ఇలాగే గడిచి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాను." స్నేహితుడి కూతురికి కూడా ఏమీ కాలేదు. వాళ్లు నాలుగు రోజులు వేసి ఆపేశారట. మా ఇద్దరి అదృష్టం. అదృష్టం మీద పిల్లల కళ్లు నడపకూడదు కదా.

ఎరుపు పోతే రోగం పోయినట్టు కాదు

స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనను. కంటి డాక్టరు చేతిలో అది చూపు కాపాడే మందు. సమస్యల్లా అది మనకు కనిపించేదాన్ని తగ్గించి, కనిపించనిదాన్ని పెంచడంలో ఉంది. ఎరుపు, దురద ఒక్కరోజులో తగ్గుతాయి. కానీ వారాల తరబడి వేస్తే దాదాపు మూడో వంతు మందిలో కంటి ఒత్తిడి ఎంతో కొంత పెరుగుతుంది. కొద్దిమందిలో బాగా పెరుగుతుంది. పిల్లల్లో మరీ త్వరగా. ఆ ఒత్తిడికి నొప్పి ఉండదు. చూపు మధ్యభాగం చివరిదాకా బాగానే ఉంటుంది. పక్కచూపు మెల్లగా కరిగిపోతుంది. దాన్నే నీటికాసులు అంటాం. ఆ రోగం మింగిన చూపు మళ్లీ రాదు. ఎక్కువకాలం వాడితే శుక్లం కూడా ముందే వస్తుంది. ఎర్రబడిన కంట్లో ఉన్నది అలర్జీ కాక హెర్పిస్ వైరస్ అయితే, స్టెరాయిడ్ చుక్క ఆ వైరస్‌కు ఎరువు వేసినట్టే. నల్లగుడ్డు మీద పుండు పడుతుంది.

మన దేశంలోనూ చట్టం ప్రకారం ఈ మందులకు డాక్టరు చీటీ కావాలి. కౌంటరు ముందు నిలబడి అడిగితే చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. ఇక్కడ చీటీ లేకుండా ఇవ్వరు. అది మనల్ని విసిగించడానికి కాదని నాకు ఆ 31 అంకె చూశాకే అర్థమైంది.

ఇంట్లో ఉన్న సీసాలు ఒకసారి తీసి చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథొలోన్, లోటిప్రెడ్నాల్. వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. డాక్టరు ఇప్పుడు, మీకు, ఇన్ని రోజులు అని రాసి ఇచ్చింది కాకపోతే ఇక వేయకండి. ఇప్పటికే కొన్ని వారాలుగా వేస్తూ ఉంటే మాత్రం మీ అంతట మీరు మానేసి ఊరుకోకండి. సీసా పట్టుకుని వెళ్లి ఒత్తిడి కొలిపించుకోండి.

దురదా? మంటా? తేడా ఉంది

మా వాడి పుణ్యమా అని నేను నేర్చుకున్నది ఇంకొకటి. "కళ్లు బాగోలేదు" అని మనం ఒకే మాటలో చెప్పేదాని వెనక చాలా సంగతులుంటాయి.

ప్రధానంగా దురద ఉంటే, రెండు కళ్లకూ ఉంటే, తుమ్ములు కూడా ఉంటే, చాలావరకు అలర్జీ. దీనికి చల్లటి తడి గుడ్డ, బయటినుంచి రాగానే ముఖం కడుక్కోవడం, పుప్పొడి రోజుల్లో ఉతికిన బట్టలు ఆరుబయట ఆరేయకపోవడం, ఫార్మసిస్టును అడిగి కీటోటిఫెన్ వంటి అలర్జీ చుక్కలు వాడటం. అన్నిటికన్నా ముఖ్యం, నలపకపోవడం. ఏళ్ల తరబడి గట్టిగా నలిపితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని కెరటోకోనస్ అంటారు. పిల్లాడు కళ్లు నలుపుతుంటే "చెయ్యి తియ్" అని అరవడం కన్నా చేతిలో చల్లటి గుడ్డ పెట్టడం మేలు.

దురద తక్కువ, మంట ఎక్కువ, ఇసుక పోసినట్టు గరగర, సాయంత్రానికి పెరగడం ఉంటే, చాలావరకు పొడిబారిన కన్ను. అది నా జబ్బు. మనిషి మామూలుగా నిమిషానికి దాదాపు 15 సార్లు రెప్ప వేస్తాడు. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికీ, అంతకన్నా తక్కువకూ పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. కన్నీటి పొర మధ్యలోనే ఆరిపోతుంది. విచిత్రం ఏమిటంటే పొడిబారిన కంటికి ఒక్కోసారి నీళ్లు కారతాయి. ఆ మంటకు కన్ను ఇచ్చే జవాబు అది. "నీళ్లు కారుతుంటే పొడి ఎక్కడిది?" అని నేనూ చాలాకాలం వాదించాను.

దీనికి ఖర్చు లేని మార్గాలే ముందు. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు ఆరు మీటర్ల దూరం చూడండి. చూస్తూ నాలుగుసార్లు పూర్తిగా రెప్ప వేయండి. స్క్రీన్‌ను కంటి మట్టానికి కొంచెం కిందికి దించండి. కారు ఏసీ, హీటరు గాలి ముఖానికి తగలకుండా తిప్పండి. పడమటి శివార్ల నుంచి హెలెన్స్‌బర్గ్‌కు గంట ప్రయాణం. ఆ గాలి నేరుగా కళ్లలోకి కొడుతుంటే దిగేసరికి ఎర్రబడక ఏమవుతాయి? రెప్పల అంచుల్లో నూనె గ్రంథులు మూసుకుపోతే గోరువెచ్చటి గుడ్డ ఐదు నుంచి పది నిమిషాలు పెట్టి మెల్లగా మర్దన చేయాలి. కృత్రిమ కన్నీళ్ల చుక్కలు వాడొచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి కావాలంటే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. అలర్జీకని మింగే మాత్రలు కొన్ని కళ్లను ఇంకా పొడిబారుస్తాయి. మధుమేహం, నెలసరి ఆగే వయసు, కీళ్లవాతం కూడా కారణాలు కావచ్చు. ఎరుపు పోగొట్టి కన్ను తెల్లగా చూపించే చుక్కలు మాత్రం వద్దు. అలవాటైతే ఆపగానే ఇంకా ఎర్రబడతాయి.

ఇక ఆగకూడనివి ఇవి: నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, ఒకే కన్ను బాగా ఎర్రబడటం, కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవారికి కన్ను ఎర్రబడటం. వీటిలో ఏది ఉన్నా అదేరోజు చూపించాలి.

అమ్మమ్మ వైద్యం సంగతి

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది. అందులో నష్టం లేదు. చల్లటి గుడ్డ చేసే పనే అదీ చేస్తుంది. పొన్నగంటి కూర వండుకు తినండి, మంచిదే. గీత ఎక్కడంటే, కంటి లోపలికి వేసేదాని దగ్గర. తేనె, రోజ్ వాటర్, చనుబాలు, ఆముదం చుక్క. ఇవేవీ కంటికోసం శుభ్రం చేసినవి కావు. సూక్ష్మజీవులు లేని మందు సీసానే, తెరిచిన నాలుగు వారాలకు పారేయమని రాస్తారు. వంటింటి సీసాకు ఏ తేదీ ఉంటుంది?

2023లో అమెరికాలో ఏం జరిగిందో గుర్తుందా? చెన్నై దగ్గర తయారైన కృత్రిమ కన్నీళ్ల చుక్కల్లో మందులకు లొంగని సూక్ష్మజీవి చేరింది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మంది చూపు పోయింది. నలుగురు చనిపోయారు. ఫ్యాక్టరీలో తయారైనదానికే ఇంత జాగ్రత్త కావాలన్నది అందులో మనకు పాఠం.

కాటుక సంగతీ చెప్పాలి. సుర్మా, కాటుక పేరుతో అమ్మే కొన్నిటిలో సీసం ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ ఈ కారణంగానే వాటిమీద హెచ్చరికలు చేసింది. పసిపిల్లల కంటికి పెడితే చేతుల మీదుగా నోట్లోకి వెళుతుంది. దిష్టి చుక్క బుగ్గన పెట్టండి, అరికాలికి పెట్టండి. దిష్టీ పోతుంది, కన్నూ చల్లగా ఉంటుంది. మా అమ్మ ఈ ఒక్కదానికి వెంటనే ఒప్పుకుంది. "అరికాలికి పెట్టడం మన పద్ధతేగా" అంది.

ఇది చిన్న విషయం కాదు

"పుప్పొడి అలర్జీ కూడా ఒక జబ్బేనా?" అనేవాళ్లకు మెల్‌బోర్న్ గుర్తుచేస్తాను. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. గడ్డి పుప్పొడి నలిగి గాలిలో కలిసింది. వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. బాధితుల్లో భారత, శ్రీలంక మూలాలవారు తమ జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువమంది. అందులో చాలామందికి ఉబ్బసం ఉందనే తెలియదు, ఉన్నదల్లా వసంతంలో తుమ్ములు, కళ్ల దురద. ఈ దేశానికి వచ్చిన తొలి ఏడాది ఏమీ ఉండదు. నాలుగైదేళ్లకు ఇక్కడి గడ్డి మన ఒంటికి పరిచయమై అలర్జీ మొదలవుతుంది. కళ్ల దురదతోపాటు దగ్గు, ఆయాసం ఉంటే జీపీకి తప్పక చెప్పండి.

పొగ మాట కూడా అంతే. 2019 చివర, 2020 మొదట్లో కార్చిచ్చుల పొగ సిడ్నీని వారాలపాటు కమ్మేసింది. 2020 జనవరి 6న ముక్కోటి ఏకాదశి వచ్చింది. ఆ వేసవిలో కళ్లు మండని ఇల్లు లేదు. అలాంటి రోజుల్లో లెన్సులు తీసేసి కళ్లద్దాలు పెట్టుకోవడం, తలుపులు మూసుకోవడం, కృత్రిమ కన్నీళ్లతో కళ్లు తడుపుకోవడం, ఇవి చాలు. స్టెరాయిడ్ అక్కర్లేదు.

"ఇక్కడ డాక్టరు దొరకాలి కదా" అంటారు

నిజమే. ఊళ్లో అయితే పొద్దున అనుకుని మధ్యాహ్నానికి కంటి డాక్టరును చూస్తాం. ఇక్కడ నిపుణుడి అపాయింట్‌మెంటుకు వారాలు, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ మనం మొదటి మెట్టు ఎక్కకుండానే చివరి మెట్టు ధర చూసి వెనక్కి వస్తున్నాం. ఆస్ట్రేలియాలో ఆప్టోమెట్రిస్టు దగ్గరికి రెఫరల్ లేకుండా వెళ్లొచ్చు. మెడికేర్ ఉన్నవారికి 65 ఏళ్లలోపు మూడేళ్లకోసారి, ఆపైన ఏటా కంటి పరీక్షకు అది చెల్లిస్తుంది. కొత్త లక్షణాలుంటే అంతకన్నా ముందే వెళ్లొచ్చు. చాలాచోట్ల జేబు నుంచి ఏమీ కట్టక్కర్లేదు. కొందరు ఆప్టోమెట్రిస్టులు చుక్కల మందు కూడా రాయగలరు. ఇంగ్లండులో ఉన్నవారికి 16 ఏళ్లలోపు పిల్లల కంటి పరీక్ష ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ ఉండదు, నిజం. కానీ ఫార్మసిస్టు సలహాకు డబ్బు అడగడు. బయల్దేరేముందే అక్కడ పరీక్ష చేయించుకుని, వాడే మందుకు చీటీ తెచ్చుకోమని చెప్పడం మన పని. సొంత వాడకానికి మూడు నెలల మందు, చీటీతో తెచ్చుకోవచ్చు. వాళ్ల పేరుమీద వచ్చింది వాళ్లకే. గుడి దగ్గర పంచడానికి కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. కంటి వైద్యంలో మన నేలకు ప్రపంచంలో పేరుంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగివచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నిలబెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2018లో, ఆంధ్రప్రదేశ్ 2019లో కంటి వెలుగు పేరుతో కంటి పరీక్షలను ఊళ్ల దాకా తీసుకెళ్లాయి. అంత వైద్యం ఉన్న చోటునుంచి మనం సూట్‌కేసులో తెచ్చుకుంటున్నది ఏమిటి? పరీక్ష కాదు, సలహా కాదు. చీటీ లేని సీసా.

అందుకే నా విన్నపం చిన్నది. ఈసారి ఊరినుంచి వచ్చేవారికి ఇచ్చే జాబితాలో చుక్కల మందు కొట్టేయండి. మన సంఘాలు ఏటా దీపావళి వేడుకలకు స్టాళ్లు పెడతాయి కదా, అందులో ఒక బల్ల కంటికి కేటాయించండి. మనలోనే ఆప్టోమెట్రిస్టులు, ఫార్మసిస్టులు ఉన్నారు. ఇంట్లో సీసాలు తెచ్చి చూపించమనండి. లేబుల్ చదివి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పనికిరానివి ఇక్కడి ఫార్మసీల్లో తిరిగి తీసుకుంటారు. చెత్తబుట్టలో వేయక్కర్లేదు.

మా వాడు ఇప్పుడు బాగున్నాడు. ఆరు నెలలకోసారి ఒత్తిడి కొలిపించాలి. మొన్న ఆదివారం గుడికి వెళ్లినప్పుడు మళ్లీ దురద మొదలైంది. వాళ్ల నాయనమ్మ నీళ్ల సీసాతో చేతిరుమాలు తడిపి వాడి కళ్లమీద పెట్టి, అరుగుమీద కూర్చోబెట్టింది. పది నిమిషాలకు వాడు లేచి దోసె అడిగాడు.